బోర్డు చదివి బస్సెక్కుదాం



"అన్నా, ఈ బస్సు ఎటు పోతది?" బస్టాండులో ఎన్నిసార్లు ఇట్లా అడిగి ఉంటాం! ఇప్పుడు మనకు అక్షరాలు వచ్చాయి. బోర్డు మనమే చదువుకుంటాం. మరి ఆ బస్సు కథ కూడా తెలుసుకుందామా?

ఎట్లా మొదలైంది?

అది 1932వ సంవత్సరం, జూన్ నెల. హైదరాబాదులో నిజాం పాలన. నిజాం రైల్వే వాళ్లు బస్సులు నడపడం మొదలుపెట్టారు. అప్పుడు ఉన్నవి 27 బస్సులు. పనివాళ్లు 166 మంది.

ఆర్టీసీ బస్సు నంబరులో 'జెడ్' అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. నిజాం తల్లి జహ్రా బేగం. ఆమె పేరులోని మొదటి అక్షరమే అది అని చెప్పుకుంటారు.

1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. 2014లో రాష్ట్రం రెండయింది. తరువాత ఆర్టీసీ కూడా రెండయింది.

బస్సు ఎందుకు బందవుతుంది?

బస్సుకు డీజిలు కావాలి. టైర్లు కావాలి. డ్రైవరుకు, కండక్టరుకు జీతాలు ఇవ్వాలి. పది మందే ఎక్కితే ఖర్చులు రావు. నష్టమని ట్రిప్పులు తగ్గిస్తారు. ట్రిప్పులు తగ్గితే జనం ఆటోలు ఎక్కుతారు. బస్సు ఇంకా ఖాళీ అవుతుంది. చివరికి ఆ ఊరికి బస్సే రాదు.

అప్పుడు ఎవరికి కష్టం? నెలలు నిండిన తల్లి ఆటోలో ఇరుక్కుని ఆసుపత్రికి పోవాలి. "హైస్కూలు దూరం, వద్దులే బిడ్డా" అని ఆడపిల్ల చదువు మాన్పిస్తారు.

సున్నా టికెట్టు అడిగి తీసుకోండి

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి వచ్చింది. ఆధార్ కార్డు వెంట ఉంచుకోవాలి.

"డబ్బులు లేనిదానికి టికెట్టు ఎందుకు?" అనుకోకండి. ఆ టికెట్ల లెక్క చూసి ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బులు కడుతుంది. టికెట్టు తీసుకోకపోతే మనం బస్సు ఎక్కినట్టు లెక్కే ఉండదు. లెక్క లేకపోతే మళ్లీ నష్టమే.

ఇప్పుడు ఇంకో కష్టం వచ్చింది. రద్దీ పెరిగింది. చాలా చోట్ల బస్సులు చాలడం లేదు.

రేపు ఎట్లా?

కరెంటుతో నడిచే బస్సులు వస్తున్నాయి. వాటికి డీజిలు అక్కర లేదు, పొగ రాదు. తెలంగాణలో 2025 నుండి మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకు ఇస్తున్నాయి. అంటే మనం బస్సు ఎక్కేవాళ్లమే కాదు, బస్సు యజమానులం కూడా!

మీ ఊరికి బస్సు రావడం లేదా? సంఘం మీటింగులో మాట్లాడండి. డిపో మేనేజరుకు అర్జీ రాయండి. బడికి పోయే పిల్లలు ఎందరు? కూలికి, ఆసుపత్రికి పోయేవాళ్లు ఎందరు? ఏ వేళకు బస్సు కావాలి? ఇవన్నీ లెక్కతో రాయండి. కింద అందరూ సంతకాలు చేయండి.

వేలిముద్రలు కాదు అక్కా, సంతకాలు!