పొరల బొమ్మ బరువెంత?

నేటి కంప్యూటర్ యుగంలో పోస్టరు, ఫ్లెక్సీ లేని కార్యక్రమం లేదు. మన హాస్టల్‌లోనే చూడండి. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికి బ్యానరు, వార్షికోత్సవానికి ఆహ్వానపత్రం, అన్నీ కంప్యూటర్ మీద తయారయ్యేవే. సెలవుల్లో డీటీపీ సెంటర్లలో, ఫ్లెక్సీ షాపుల్లో పనిచేసి ఫీజు డబ్బులు సంపాదించుకునే మిత్రులూ మనలో ఉన్నారు. వీరందరినీ ఇబ్బంది పెట్టేది ఫైలు బరువు. పాత సిస్టమ్ మధ్యలో ఆగిపోతుంది, పెన్‌డ్రైవ్ నిండిపోతుంది, మెయిల్ వెళ్లదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. ఇలాంటివి అడుగుదామంటే ఇంట్లో చెప్పేవాళ్లుండరు. మీలో చాలామంది పరిస్థితీ ఇదే కనుక నాకు తెలిసింది వివరిస్తాను.

బరువు ఎక్కడిది?

బొమ్మ అంటే చిన్న చిన్న రంగు చుక్కలు, అంటే పిక్సెళ్లు. మామూలుగా ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల కోసం 3 బైట్లు కావాలి. ఎ4 సైజు బొమ్మను అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున చేస్తే అడ్డం 2,480, నిలువు 3,508. రెంటినీ హెచ్చిస్తే సుమారు 87 లక్షల పిక్సెళ్లు, అంటే 26 ఎంబీ. ఇది ఒక్క పొర లెక్క మాత్రమే.

పొర అంటే లేయర్. పారదర్శకమైన షీట్ల మీద ఒకదానిపై ఫొటో, ఒకదానిపై అక్షరాలు, ఒకదానిపై అంచు గీసి, దొంతరగా పేర్చినట్టు అనుకోండి. ఫొటోషాప్‌లో ఈ సౌకర్యం 1994లో మూడో వెర్షన్‌తో వచ్చింది. పొరలో ఎక్కడ పారదర్శకమో గుర్తుంచుకోవడానికి పిక్సెల్‌కు మరో బైటు కావాలి. అందుకే నిండుగా ఉన్న పొర ఒక్కొక్కటి 35 ఎంబీ దాకా మెమరీ తీసుకుంటుంది. ఖాళీ భాగం సేవ్ చేసేటప్పుడు బాగా కుదించుకుపోతుంది. అక్షరాల పొర, రంగులు సరిచేసే పొర చాలా తేలిక. బరువంతా ఫొటోలదే.

ఫొటోషాప్ కిటికీ అడుగున 'డాక్' అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది పొరలన్నీ కలిపేస్తే ఉండే సైజు, రెండోది పొరలతో ఉన్న సైజు. పని చేస్తూ ఆ రెండో అంకెను గమనిస్తూ ఉండండి.

తగ్గించేదెలా?

1. ముందుగా రిజల్యూషన్ నిర్ణయించుకోండి. దాన్ని సగం చేస్తే బరువు నాలుగో వంతు అవుతుంది. 10 అడుగులు × 6 అడుగుల ఫ్లెక్సీని 300తో చేస్తే ఒక్క పొరే 2.3 జీబీ. పీఎస్‌డీ ఫైలు హద్దు 2 జీబీ, ఒక్కో పక్క 30,000 పిక్సెళ్లు. ఇది రెండూ దాటేస్తుంది. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి 72తో చేసినా సరిపోతుంది, అప్పుడు 134 ఎంబీయే.

2. కన్ను గుర్తు తీసేసినంత మాత్రాన పొర బరువు పోదు. ట్రంకు పెట్టె మూత వేస్తే లోపలి బరువు తగ్గుతుందా? అక్కర్లేని పొరను డిలీట్ చేయాలి.

3. పెద్ద ఫొటోను తెచ్చి పెడితే కాన్వాస్ బయటికి పోయిన భాగం కూడా ఫైలులోనే ఉంటుంది. అంతా సెలెక్ట్ చేసి క్రాప్ చేస్తే అది పోతుంది.

4. స్మార్ట్ ఆబ్జెక్ట్ తన లోపల అసలు ఫొటోను మొత్తం దాచుకుంటుంది. ఇక మార్పులుండవని తేలాక దాన్ని మామూలు పొరగా మార్చండి.

5. 16 బిట్లలో పనిచేస్తే సైజు రెట్టింపు. మన పోస్టర్లకు 8 బిట్లు చాలు.

ఏది దాచాలి, ఏది పంపాలి?

బరువు ఎక్కువైందని పొరలన్నీ కలిపేసి జేపీజీ ఒక్కటే ఉంచుకుంటారు కొందరు. జేపీజీలో పొరలుండవు. ముఖ్య అతిథి పేరులో ఒక్క ఒత్తు తప్పు పడినా మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. పైగా మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ నాణ్యత కొంత తగ్గుతుంది. కాబట్టి పీఎస్‌డీని దాచుకోండి, జేపీజీ నకలు పంపండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. అను ఫాంట్లు వాడితే, ఆ ఫాంటు లేని షాపులో అక్షరాలు తారుమారవుతాయి. అక్కడికి కలిపేసిన నకలే ఇవ్వండి.

స్కాలర్‌షిప్ దరఖాస్తులోనూ ఈ లెక్కే. ఫొటో ఇన్ని కేబీలు మించరాదంటే ముందు పిక్సెళ్లు తగ్గించి, తర్వాతే జేపీజీ క్వాలిటీ తగ్గించండి. అప్పుడు ముఖం మసకబారదు. ఇది తెలియక గడువు చివరి రోజున నెట్ సెంటర్‌లో తిప్పలు పడకూడదు.

ఫొటోషాప్ కొనలేని వారికి 1996 నుంచి ఉచితంగా దొరుకుతున్న గింప్ ఉంది. అందులోనూ పొరలుంటాయి, ఫైలు పేరు చివర ఎక్స్‌సీఎఫ్ అని వస్తుంది.

చివరగా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఈ ఏడాది జయంతి బ్యానరు పొరల ఫైలును సంవత్సరం పేరుతో ఒక ఫోల్డర్‌లో పెట్టి, తర్వాతి బ్యాచ్‌కు అప్పగించండి. వాళ్లు తేదీ, పేర్లు మార్చుకుంటే చాలు. డిజైన్ ఖర్చు మిగులుతుంది. ఆ ఫైలు విప్పి చూసి పని నేర్చుకునేవాళ్లు కూడా ఒకరిద్దరు తప్పక ఉంటారు.