'నైస్' మొదట తిట్టు

ఇంగ్లీషులో చీర మొదలుకొని సినిమా వరకు దేనినైనా మెచ్చుకోవడానికి వాడే 'నైస్' అనే విశేషణం పుట్టుకతో తిట్టుమాట. లాటిన్‌లో 'నె' వ్యతిరేకార్థాన్నీ, 'స్కీరె' తెలుసుకోవడాన్నీ సూచిస్తాయి; ఆ రెంటి కలయికతో ఏర్పడిన 'నెస్కియుస్' అనే మాటకు ఏమీ తెలియనివాడని అర్థం. 'సైన్స్' అనే మాటకూ ఆ 'స్కీరె'యే మూలం కనుక, వ్యుత్పత్తి రీత్యా ఇవి రెండూ దాయాదులే.

పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో చేరేనాటికి కూడా దీనికి తెలివిమాలిన అనే అర్థమే ఉండేది. 1380లలో జెఫ్రీ చాసర్ 'ట్రాయిలస్ అండ్ క్రిసేడ్' కావ్యంలో, వెయ్యేళ్ల కాలంలో పలుకుబడి మారిపోతుందనీ, ఒకప్పుడు విలువ పొందిన మాటలు ఇప్పుడు వింతగానూ వెర్రిగానూ తోస్తాయనీ చెబుతూ, 'వెర్రి' అనడానికి ప్రయోగించినది సరిగ్గా ఈ మాటనే.

ఆ తర్వాత దాని నడక సూటిగా సాగలేదు. దేనికీ తృప్తిపడక వంకలు వెదికే చాదస్తుడికీ, నాజూకైన వస్తువుకూ, అతి సూక్ష్మమైన భేదానికీ కూడా ఇదే విశేషణం వర్తించింది. 'రోమియో అండ్ జూలియెట్'లో షేక్‌స్పియర్ దీనిని అల్పమైన అనే అర్థంలో వాడాడు. 16, 17 శతాబ్దాల రచనల్లో ఇది ఎదురైనప్పుడు ఏ అర్థం ఉద్దేశించారో తేల్చడం పండితులకే కష్టం. సూక్ష్మమైన అనే అర్థం మాత్రం నశించలేదు. ఇంగ్లీషు న్యాయవాదులు 'నైస్ పాయింట్' అన్నప్పుడు అది మెప్పు కాదు, తీర్పు చెప్పడానికి నిశిత పరిశీలన అవసరమైన అంశమని.

హాయిగొలిపే అనే నేటి అర్థం 18వ శతాబ్దపు ఉత్తరార్ధంలో స్థిరపడింది. అప్పుడే మాట అరిగిపోయింది కూడా: 1817 చివర వెలువడిన 'నార్తాంగర్ అబ్బే' నవలలో జేన్ ఆస్టిన్ సృష్టించిన హెన్రీ టిల్నీ, పుస్తకానికీ నడకకూ ఆడపిల్లలకూ ఒకే విశేషణమా అని ఎద్దేవా చేస్తాడు. ఆ ఎగతాళి న్యాయమైనదే గానీ, భాష దానిని లెక్కచేయలేదు.

నిందార్థం పోయి మాటకు మన్నన కలగడాన్ని తెలుగు భాషాశాస్త్రజ్ఞులు అర్థసౌమ్యత అంటారు. ఒకప్పుడు జూదరులను చెప్పిన 'సభికులు' నేడు గౌరవవాచకమైంది. తెలుగులో చేరిన 'నైసు' మాత్రం మళ్లీ రెండు దారులు పట్టింది: మరలో పిండిని నైసుగా ఆడించమంటే మెత్తగా అనీ, ఒకడు నైసుగా తప్పించుకున్నాడంటే ఎవరికీ తెలియకుండా ఉపాయంగా జారుకున్నాడనీ అర్థం.