చేపలతొట్టి - నైట్రేటు వడపోత

కదిరి వానలు తక్కువగా కురిసే సీమలోని పట్టణం. పూర్వపు అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నేడు ఈ పట్టణం ఉన్నది. రాతిపొరల పగుళ్లలో నిలిచిన నీటిని బోరుబావులతో తోడుకొనే ఇట్టి చోట ప్రతి బిందె నీరూ విలువైనదే. ఇంట్లో అలంకార చేపలను పెంచేవారు తొట్టినీటిని మాటిమాటికీ పారబోయలేరు. అయితే ఆ నీటిని నిర్మలంగా ఉంచడం ఎట్లు?

నీరు తేటగా కనిపించినంత మాత్రాన నిర్మలమైనదని చెప్పలేము. చేపల విసర్జకాల నుండి, కుళ్లిన మేత నుండి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, నైట్రోస్పైరా వంటివి నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఈ రహస్యాన్ని 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త వెల్లడించాడు. నైట్రేటు అంత తీవ్రమైన విషం కాదు. కాని అది రోజురోజుకూ పేరుకొనిపోతుంది. దూది, స్పాంజి వంటి మామూలు వడపోతలు నీటిలో కరిగిన ఈ లవణాన్ని పట్టలేవు.

ప్రాణవాయువు లేనిచోట బ్రతకగల మరికొన్ని సూక్ష్మజీవులు నైట్రేటులోని ప్రాణవాయువును గ్రహించి, నత్రజనిని గాలిలోకి విడిచిపెడతాయి. ఇంట్లో చేసుకొనే వడపోతకు ఇదే ఆధారం. సుమారు 15 మీటర్ల సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని చుట్టగా చుట్టి, గట్టి మూతగల డబ్బాలో అమర్చాలి. మిగిలిన చోటును కడిగిన గులకరాళ్లతో నింపాలి. చిన్న మోటారు తొట్టినీటిని గొట్టంలోకి పంపుతుంది. గొట్టం మొదటి భాగంలోని జీవులు నీటిలోని ప్రాణవాయువును వాడుకొంటాయి. తరువాతి భాగంలోను, రాళ్ల నడుమను నైట్రేటు విచ్ఛిన్నమవుతుంది. బయటికి వచ్చే నీరు సెలైన్ గొట్టానికి ఉండేటటువంటి బిగింపు ద్వారా చుక్కలు చుక్కలుగా తొట్టిలో పడాలి. అట్లు పడేటప్పుడు అది తిరిగి గాలిని కలుపుకొంటుంది.

ఈ జీవులు కుదురుకొనడానికి కొన్ని వారాలు పడుతుంది. వాటికి కర్బనం ఆహారం. తొట్టిలోని మలినాలు చాలకపోతే అతి స్వల్పంగా చక్కెర నీటిని అందించవచ్చు. బయటికి వచ్చే నీటిలో నైట్రైటు కనిపిస్తే ప్రవాహం వేగంగా ఉన్నదని గ్రహించి తగ్గించాలి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే ప్రవాహం మరీ మందగించినదని తెలుసుకొని పెంచాలి. ఆ వాసనగల వాయువు చేపలకు ప్రాణాంతకం. ఇంత శ్రమ పడలేనివారు మనీప్లాంటు వేళ్లను తొట్టినీటిలో ఉంచినా మొక్క కొంత నైట్రేటును ఎరువుగా గ్రహిస్తుంది. మేతను మితంగా వేయడం అన్నిటికంటె సులభమైన ఉపాయం.

తొట్టినీటిని మార్చినా నైట్రేటు తగ్గనిచోట కొత్త నీటినే పరీక్షించాలి. పొలాల ఎరువులు, పెంటకుప్పలు, మరుగుగుంటల నుండి నైట్రేటు భూగర్భజలంలోకి దిగుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములను నైట్రేటు పరిమితిగా నిర్ణయించింది. నైట్రేటు అధికంగా ఉన్న బావినీటితో కలిపిన పాలు తాగిన పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలివర్ణమవుతుందని 1945లో అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే వైద్యుడు ప్రకటించాడు. కాచినంత మాత్రాన ఈ దోషం పోదు. నీరు ఆవిరైన కొద్దీ నైట్రేటు మరింత చిక్కబడుతుంది. పైన చెప్పిన వడపోత చేపలకే తగినది, తాగునీటికి పనికిరాదు. తాగునీటికి రివర్స్ ఆస్మాసిస్ యంత్రమో, పరీక్షించిన వేరొక నీటి వనరో శరణ్యం.

చేపలతొట్టి కోసం కొన్న పరీక్షాసాధనం ఇంటి బోరునీటిపై అనుమానం కలిగిస్తే, ఆ నీటిని ప్రయోగశాలకు పంపి నిజం తెలుసుకొనడం ఆ ఇంటి పసిబిడ్డకు రక్ష.