పశువైద్యంలో గుండె ఆపరేషన్లు: పెర్ఫ్యూజన్ శిక్షణకు దారి ఏది?

ప్లస్ టూ, పి.యు.సి., ఇంటర్‌లలో జీవశాస్త్రం తీసుకున్న మన పిల్లలకు ఎం.బి.బి.ఎస్. కాకుండా ఉన్న చదువుల గురించి ఈ పేజీలో అప్పుడప్పుడు తెలియజేస్తున్నాము. ఈసారి చెప్పబోయేది చాలామంది విని ఉండరు. కుక్కకు గుండె ఆపరేషన్ జరిగేటప్పుడు దాని గుండె, ఊపిరితిత్తులు చేసే పనిని యంత్రంతో నడిపించే నిపుణుని పని ఇది. ఆ నిపుణుని పెర్ఫ్యూజనిస్టు అంటారు.

గుండె లోపలి కవాటాన్ని కుట్టాలంటే గుండెను ఆపాలి. రక్తం అందకపోతే మెదడు కొన్ని నిమిషాలకు మించి తట్టుకోలేదు. అందుకని చెడు రక్తాన్ని గొట్టాల ద్వారా బయటికి తీసి, ఆక్సిజనేటర్‌లో ప్రాణవాయువు కలిపి, పంపుతో తిరిగి ధమనిలోకి పంపుతారు. అమెరికాలో డాక్టర్ జాన్ గిబ్బన్ 1930లలో పిల్లులపై ఈ ప్రయోగాలు మొదలుపెట్టి, 1953 మే 6న ఫిలడెల్ఫియాలో ఒక యువతికి ఈ యంత్రం సాయంతో ఆపరేషన్ చేసి విజయం సాధించారు. జంతువుల మీద నేర్చుకున్న విద్య మనుషులకు ముందు అందింది. జంతువులకు తిరిగి చేరడానికి చాలా కాలం పట్టింది.

దీనికి ముఖ్య కారణం కొలత. 60 కిలోల మనిషిలో నాలుగు లీటర్ల పైచిలుకు రక్తం ఉంటుంది. యంత్రం గొట్టాలు నింపడానికి లీటరుకు పైగా ద్రవం పోసినా శరీరం తట్టుకుంటుంది. నాలుగు కిలోల కుక్కలో ఉండే రక్తం మొత్తం సుమారు 350 మిల్లీలీటర్లే, అంటే గ్లాసున్నర! అదే యంత్రాన్ని దానికి తగిలిస్తే రక్తం నీళ్ళయిపోతుంది. అందుకే పసిపిల్లల కోసం చేసిన చిన్న ఆక్సిజనేటర్లు, పొట్టి గొట్టాలు వాడతారు. గ్రూపు సరిచూసిన వేరే కుక్క రక్తాన్ని సిద్ధంగా ఉంచుకుంటారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎంత ఇవ్వాలి, పని అయ్యాక దాన్ని విరచడానికి ప్రోటమైన్ ఎంత ఇవ్వాలి, నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు పంపాలి, శరీరాన్ని ఎంతవరకు చల్లబరచాలి అన్నవన్నీ లెక్క వేయాలి. చిన్న గాలిబుడగ ధమనిలోకి వెళ్ళినా మెదడుకు ముప్పే. లెక్కలంటే భయపడే పిల్లలు ఈ సంగతి ముందే గమనించాలి.

ఈ రంగంలో జపాన్ ముందుంది. మసామి ఉయెచి బృందం 2006 నుండి 2009 వరకు ఐదు కిలోల లోపు బరువున్న 48 కుక్కలకు మిట్రల్ కవాటం బాగుచేసిన ఫలితాలను 2012లో ప్రచురించింది. వాటిలో 45 ఆసుపత్రి నుండి ఇంటికి చేరాయి. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీలోను, అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలోను ఇటువంటి ఆపరేషన్లు చేశారు. చిన్నజాతి కుక్కలకు వయసు మీదపడ్డాక ఈ కవాటం వదులై రక్తం వెనక్కు కారడం మామూలుగా వచ్చే జబ్బు కనుక అవసరం ఉన్న మాట నిజమే. ఖర్చు మాత్రం కొద్ది కుటుంబాలకే అందుతుంది.

ఇక మన పిల్లల సంగతి. పశువుల పెర్ఫ్యూజన్‌కు మనుషుల చదువులో ఉన్నట్టు స్థిరపడిన డిగ్రీ మార్గం లేదు. రెండు వైపుల నుండి రావచ్చు.

మొదటిది, మనుషుల వైద్యంలో బి.ఎస్సి. పెర్ఫ్యూజన్ టెక్నాలజీ చదవడం. కర్ణాటకలో రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, తమిళనాడులో డాక్టర్ ఎం.జి.ఆర్. వైద్య విశ్వవిద్యాలయం కింద కళాశాలల్లో ఈ కోర్సు ఉంది. పుదుచ్చేరి జిప్మర్‌లోనూ ఉంది కాబట్టి యానాం పిల్లలు ఆ ప్రవేశ ప్రకటనను తప్పక చూడాలి. మనుషుల గుండె ఆసుపత్రుల్లో ఉద్యోగం ఈ చదువుకు అసలు ఆధారం. చేయి తిరిగేదీ అక్కడే. అమెరికాలో సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోవాలంటే శిక్షణలోనే కనీసం 75 కేసులు చేసి ఉండాలి. ఏడాదికి నాలుగు కుక్కలకు ఆపరేషన్ జరిగే చోట అంత అనుభవం ఎలా వస్తుంది?

రెండవది బి.వి.ఎస్సి. చదివి, శస్త్రచికిత్సలో ఎం.వి.ఎస్సి. చేసి, ఆపైన విదేశీ కేంద్రంలో శిక్షణ పొందడం. చెన్నై, హెబ్బాళ, భువనేశ్వర్, ముంబయి పరేల్, పుదుచ్చేరి కళాశాలలు మనకు దగ్గరే. ఇది పొడుగు దారి. కానీ మన దేశంలో జంతువులకు వైద్యం చేసే హక్కు చట్టప్రకారం నమోదైన పశువైద్యునిదే. పెర్ఫ్యూజనిస్టు ఎంత అనుభవజ్ఞుడైనా పశువైద్యుని బృందంలో ఉండి పని చేయవలసిందే.

ఇంకొక పని కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. కొత్త గుండె కవాటాలను మనుషులకు పెట్టే ముందు గొర్రెల్లో పరీక్షిస్తారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ తయారుచేసిన కవాటాన్ని కూడా గొర్రెల్లో పరీక్షించాకనే 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. ఇటువంటి పరిశోధనశాలల్లో జంతువులకు యంత్రం నడపగలవారు కావాలి. కుక్కల ఆసుపత్రికన్నా ఇది నమ్మదగిన దారి అని మా అభిప్రాయం.

మరొక సంగతి దాచకూడదు. గుండెను ఆపకుండా, కొట్టుకుంటున్న గుండెలోకే చిన్న క్లిప్పును పంపి కవాటాన్ని బిగించే పద్ధతి వచ్చింది. 2024లో ఢిల్లీలో ఒక బీగిల్ కుక్కకు అలాగే చేశారు. దానికి బైపాస్ యంత్రం అక్కరలేదు. ఈ పద్ధతి పెరిగే కొద్దీ పెర్ఫ్యూజనిస్టు అవసరం కొన్ని కేసుల్లో తగ్గవచ్చు.

కాబట్టి తల్లిదండ్రులకు మనవి. "వెటర్నరీ పెర్ఫ్యూజన్ డిప్లొమా, గ్యారంటీ ఉద్యోగం" అని ఎవరైనా లక్షల్లో ఫీజు అడిగితే, ఏ విశ్వవిద్యాలయం గుర్తింపు ఉంది, విద్యార్థి స్వయంగా ఎన్ని కేసుల్లో నిలబడతాడు, నిరుడు చదివినవారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు అని అడగండి. జవాబులు కాగితం మీద తీసుకోండి. ఆ తర్వాతే భూమి తాకట్టు, బ్యాంకు రుణం మాట ఆలోచించండి. స్కాలర్‌షిప్ దరఖాస్తుతో పాటు కోర్సు గుర్తింపు పత్రం నకలు జతచేయడం మరువవద్దు.