పశువు నడవడి - పశువైద్యము

ఒక వంక గౌతమీ గోదావరి, మరియొక వంక బంగాళాఖాతము గల కాట్రేనికోన ప్రాంతమున వరిచేను, కొబ్బరితోటలతో పాటు పాడిగేదె కూడ రైతుకుటుంబమునకు ఆధారము. గేదె ఒక్క రాత్రిలో చనిపోయినచో ఆ యింటి దినవెచ్చమునకే లోటు కలుగును.

పశువు తన బాధను నోటితో చెప్పలేదు, నడవడితో చెప్పును. ఆరోగ్యముగల గేదె దినమునకు ఆరేడు గంటలు నెమరు వేయును. నెమరు మానుట, మందకు దూరముగా నిలుచుట, చెవులు వ్రేలవేయుట, కుడితి ముట్టకుండుట రోగమునకు తొలి సూచనలు. మాటిమాటికి లేచి పండుకొనుచు కడుపును కాలితో తన్నుకొనుట కడుపునొప్పికి గుర్తు.

వర్షకాలమున గేదెలకు సోకు గొంతువాపు వ్యాధిని చూడుడు. దీనినే గురకవ్యాధి యందురు. తడిసి, మేతలేక నీరసించిన పశువులకు ఇది త్వరగా సోకును. తీవ్రమైన జ్వరము వచ్చి, గొంతు వాచి, ఊపిరి గురకగా మారును. పెక్కు పశువులు ఒక్క దినములోనే మరణించును. గురక వినబడిన పిమ్మట చేయు చికిత్స తరచుగా ఫలింపదు. గేదె మేత ముట్టలేదని ఉదయముననే గమనించి వైద్యునికి తెలిపిన రైతునకే దానిని దక్కించుకొను అవకాశ మెక్కువ. వానలకు ముందే టీకా వేయించుట అన్నిటికంటె మేలు.

గేదెలలో మూగఎద సామాన్యము. అరుపు లేకున్నను తీగలు వేయుట, మాటిమాటికి మూత్రము పోయుట, పాలు తగ్గుట కనిపెట్టవలెను. ఈ గుర్తులు రాత్రివేళ, తెల్లవారుజామున ఎక్కువగా కనబడును. ఉదయము ఎద గుర్తించినచో సాయంకాలము గర్భధారణ సూది వేయించవలెను.

కేకలు వేసి, కఱ్ఱతో అదలించి తెచ్చిన పశువునకు భయముచే నాడి, శరీరపు వేడి పెరుగును. అందువలన వైద్యుడు జ్వరమని భ్రమపడవచ్చును. భయపడిన గేదె పాలు చేపదు. కనుక పాలు పితుకు మనిషియే దగ్గరనుండి, పలుపు పట్టి, నిమిరి నిలుపవలెను.

పంచాయతీ సభ్యులకు మా మనవి యిది: టీకాలు వేయు దినమున నీడగల చోట పశువును నిలుపు గట్టి కొయ్యచట్రమును, త్రాగునీటిని సిద్ధపరచుడు. పశువులను కొద్దికొద్దిగా రప్పించుడు. కుక్కలను, గుంపును దూరముగా నుంచుడు. 2022లో మన రాష్ట్రమున ప్రారంభమైన సంచార పశువైద్యవాహనమును పిలుచు 1962 సంఖ్యను ప్రతి పాలకేంద్రము వద్దను వ్రాయించుడు.

“ఎప్పటినుండి ఇట్లున్నది?” అని వైద్యుడు మొదట అడుగును. ఆ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పగలవాడు దినమును పాకలో పశువును కనిపెట్టి చూచుకొను రైతు ఒక్కడే.