మిర్రర్‌లెస్ కెమేరా – పనికి తగినది యేది?

ఎడ్ల సంతకు పోయిన రైతు కొమ్ముల సొగసు చూచి బేరమాడడు. నడక చూచును, పండ్లు చూచును, తన నేల నల్లరేగడియా ఎఱ్ఱనేలయా యని విచారించును. కెమేరా కొనునపుడును ఈ వివేకమే కావలెను. పెండ్లిండ్ల ఫోటోలు తీయు వృత్తిలో ప్రవేశింపగోరి, మిర్రర్‌లెస్ కెమేరాకై అప్పు చేయదలచు రైతుబిడ్డలు గలరు. ఆ అప్పు తుదకు ఇంటిపైనను పొలముపైనను పడును. కావున సభ్యులు ఈ వస్తువును గూర్చి కొంత తెలిసికొనుట మేలు.

మొదట, కెమేరా అవసరమా యని యోచింపవలెను. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన అమలులోనున్న చోట్ల, వడగండ్లచే గాని ముంపుచే గాని పంట చెడినచో 72 గంటలలోపల తెలియజేయవలెను. అందుకు కావలసిన ఫోటోలకు స్మార్ట్‌ఫోను చాలును. ఆకుమచ్చను వ్యవసాయాధికారికి చూపుటకును అదియే చాలును. ఇంతమాత్రమునకై కెమేరా కొనుట వృథావ్యయము.

వృత్తికై కొనువారి మాట వేరు. వెనుకటి డి.ఎస్.ఎల్.ఆర్. కెమేరాలో లెన్సు వెనుక నొక అద్దముండెడిది. మిర్రర్‌లెస్ రకములో అది లేదు. వెలుతురు తిన్నగా సెన్సారుపై పడును, రాబోవు చిత్రము తెరపై ముందే కానవచ్చును. 2008లో పానసోనిక్ జి1 ఈ త్రోవ తెరచినది. 2018లో నికాన్ జెడ్, క్యానన్ ఆర్ శ్రేణులును వెలువడినవి.

పొలమునకువలె సెన్సారునకును విస్తీర్ణము గలదు. ఫుల్‌ఫ్రేమ్ 36×24 మిల్లీమీటర్లు, ఏ.పి.ఎస్.-సి సుమారు 23.5×15.6, మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13. పెద్ద సెన్సారు మందవెలుతురున శుభ్రమైన చిత్రము నిచ్చును. ఐనను దాని లెన్సులకు బరువును ధరయు హెచ్చు. క్రొత్తగా వృత్తి నారంభించువారికి ఏ.పి.ఎస్.-సి చాలును.

ముఖ్యమైనది లెన్సు. దానిపైనున్న అంకె చిన్నదైనకొలది వెలుతురు వచ్చు ద్వారము పెద్దది. కెమేరాతో కలిపి అమ్ము సాధారణపు జూమ్ లెన్సులు పలుమార్లు 5.6 వరకు పోవును. 1.8 అంకె గల లెన్సు దానికంటె తొమ్మిదిరెట్లకు మించిన వెలుతురును లోనికి తెచ్చును. రాత్రి ముహూర్తపు పందిరిలో ఈ భేదము స్పష్టముగా తెలియును. కావున ధర తక్కువ కెమేరాకు మంచి లెన్సు చేర్చుట, ఖరీదైన కెమేరాకు సామాన్యపు లెన్సు తగిలించుటకంటె లాభము.

కెమేరా కొనుట యనగా ఒక లెన్సుల కుటుంబముతో వియ్యమందుటయే. సోనీ ఇ, నికాన్ జెడ్, క్యానన్ ఆర్.ఎఫ్., ఫ్యూజీ ఎక్స్ అను వీనిలో ఒకదాని లెన్సు మరియొకదానికి నేరుగా అమరదు. సమీపపట్టణమున ఏ రకపు లెన్సులు బాడుగకు దొరకునో, మరమ్మతు ఎచట జరుగునో ముందుగా విచారింపవలెను. రెండు కార్డులు పట్టు కెమేరా యైనచో ఒకటి చెడినను చిత్రములు దక్కును. తాళి రెండవమారు కట్టింపలేము గదా! తెర యెల్లప్పుడు వెలుగుచుండుటచే బ్యాటరీ త్వరగా తరుగును. అదనముగా రెండైన నుండవలెను.

డబ్బంతయు కెమేరాకే పెట్టరాదు. సగము దానికి కేటాయించి, తక్కిన సగము లెన్సు, ఫ్లాషు, బ్యాటరీలు, కార్డులు, చిత్రములు భద్రపరచు హార్డుడిస్కు వీనికై యుంచవలెను. వాడిన సరకు కొన్నచో అసలు బిల్లు నడిగి, సెన్సారుపై మచ్చలున్నవేమో చూచి తీసికొనవలెను.

తుదకు అప్పు సంగతి. ఆషాఢమునను మూఢములందును పెండ్లి ముహూర్తము లుండవు. వాయిదాలు మాత్రము నెలనెల వచ్చును. పంట చేతికి రాకమునుపు పంటఅప్పు తీర్చుమన్న నెట్లుండునో ఇదియు నట్లే. కావున మొదటి ముహూర్తకాలము బాడుగ కెమేరాతో పనిచేసి, వచ్చిన సొమ్మును అయిన ఖర్చును పుస్తకమున వ్రాసికొనవలెను. సంఘమునకు అప్పు దరఖాస్తు తెచ్చువారు ఆ పుస్తకమును గూడ తెచ్చినచో, ఎంత యప్పు తగునో, ఏ నెలలందు తీర్పగలరో ఇరువురకును తేటపడును.