కుంగిన మనసుకు మంచి రోజులు ఎందుకు గుర్తుకు రావు?

కుంగుబాటు అనగానే దిగులు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గుర్తుకొస్తాయి. జ్ఞాపకాలకూ దానికీ ఉన్న సంబంధం మాత్రం అంతగా చర్చకు రాదు. కుంగుబాటులో ఉన్న చాలామందికి తమ జీవితంలోని మంచి సంఘటనలను వివరంగా గుర్తుచేసుకోవడం కష్టమవుతుంది. 'నా బతుకులో ఏనాడూ సుఖం లేదు' అని వాళ్లు అంటే అది అతిశయోక్తి అనో, కృతజ్ఞత లేకపోవడం అనో ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి ఆ సమయంలో వాళ్ల మెదడుకు ఆ రోజులు అందడం లేదు.

ఇది కొద్దిమంది సమస్య కాదు. బెంగళూరులోని నిమ్హాన్స్ నేతృత్వంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలోని పెద్దవాళ్లలో సుమారు 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు గురవుతున్నారు.

వివరాలు జారిపోయిన జ్ఞాపకం

ఢిల్లీలోని జనక్‌పురిలో స్థిరపడిన ఒక తెలుగు ఉద్యోగి ఉన్నాడని అనుకుందాం. 'సంతోషం' అన్న మాట చెప్పి, దానికి సంబంధించిన ఒక సంఘటన చెప్పమని అడిగారు. 'పోయిన సంక్రాంతి తర్వాత అమ్మ తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చింది. రైలు దిగీ దిగగానే ప్లాట్‌ఫాం మీదే అరిసెల డబ్బా చేతిలో పెట్టింది' అని అతను చెప్పవచ్చు. అతనే కుంగుబాటులో ఉంటే, 'ఊరి నుంచి ఎవరైనా వస్తే బాగుండేది' అని ఆగిపోవచ్చు. ఆ రోజు, ఆ ప్లాట్‌ఫాం, ఆ డబ్బా అన్నీ జారిపోయి పైపై సారాంశం మాత్రమే మిగిలింది.

బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్క్ విలియమ్స్, కీత్ బ్రాడ్‌బెంట్ 1986లో ఇటువంటి పరీక్షనే జరిపారు. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవారు ఒక ఫలానా సంఘటనకు బదులు ఇలాంటి సాధారణ జ్ఞాపకాలు ఎక్కువగా చెబుతున్నారని, ముఖ్యంగా మంచి మాటలు వినిపించినప్పుడు అలా జరుగుతోందని గమనించారు. తరువాతి పరిశోధనల్లో కుంగుబాటు ఉన్నవారిలోనూ ఈ లక్షణం పదేపదే కనిపించింది.

అంతకు నాలుగేళ్ల ముందే, 1982లో, డేవిడ్ క్లార్క్, జాన్ టీస్‌డేల్ మరో విషయం చూపారు. రోజులో కొన్ని గంటలు ఎక్కువగా, కొన్ని గంటలు తక్కువగా కుంగిపోయే రోగులను వారు పరిశీలించారు. దిగులు ఎక్కువగా ఉన్న వేళ అదే మనిషికి సంతోషకరమైన జ్ఞాపకాలు తక్కువగా వచ్చాయి. ఉదయానికీ సాయంత్రానికీ మధ్య ఎవరి గతమూ మారదు. మారింది దాన్ని వెతికే మెదడు స్థితి.

కార్టిసాల్ పాత్ర

సంఘటనలను చోటు, సమయం, వివరాలతో కూర్చడంలో హిప్పోకాంపస్ అనే భాగం కీలకం. చెవులకు కాస్త పైన, మెదడు లోపల రెండు వైపులా ఇది ఉంటుంది. దాని ముందు భాగాన్ని ఆనుకుని ఉండే అమిగ్డలా భయం వంటి భావోద్వేగాలను పసిగడుతుంది.

ఒత్తిడి కలిగినప్పుడు మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. ఆపద వేళ ఇది అవసరమే. హిప్పోకాంపస్‌లో కార్టిసాల్‌ను అందుకునే గ్రాహకాలు చాలా ఎక్కువ. 'ఇక చాలు' అని ఆ హార్మోన్‌కు కళ్లెం వేయడంలోనూ దానికి పాత్ర ఉంది. ఒత్తిడి నెలల తరబడి సాగితే ఆ కళ్లెం సడలుతుంది. అప్పుడు కార్టిసాల్ మరింత పెరిగి, హిప్పోకాంపస్‌నే మరింత దెబ్బతీస్తుంది.

దీని ప్రభావం నాడీకణాల రూపంలోనే కనిపిస్తుందని బెంగళూరు శాస్త్రవేత్తలు చూపారు. జాతీయ జీవవిజ్ఞాన కేంద్రంలో సుమంత్ర చటర్జీ బృందం 2002లో ఎలుకలను రోజుకు 2 గంటల చొప్పున 10 రోజులు కదలనీయకుండా ఉంచింది. వాటి హిప్పోకాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. అమిగ్డలాలో మాత్రం కొమ్మలు పెరిగాయి. ఒత్తిడి ఆపి 21 రోజులు విశ్రాంతి ఇచ్చినా అమిగ్డలాలోని పెరుగుదల తగ్గలేదని 2004లో తేలింది. ఎలుకల ఫలితాలను మనుషులకు యథాతథంగా ఆపాదించలేం. అయినా వివరాలు మసకబారి భయం మాత్రం బలపడే తీరుకు ఇది ఒక ఆధారం.

మనుషుల్లో చూస్తే, ఆరోగ్యవంతులకు కార్టిసాల్ మాత్ర ఇచ్చినప్పుడు వారి సొంత జ్ఞాపకాల్లో వివరాలు తగ్గాయని 2004లో జర్మనీలో జరిగిన ఒక చిన్న ప్రయోగం తెలిపింది. కుంగుబాటు రోగులకు ఇచ్చినప్పుడు మాత్రం అలాంటి మార్పు కనిపించలేదు. ఆ హార్మోన్‌కు వారి మెదడు స్పందించే తీరే మారిపోయి ఉండవచ్చని పరిశోధకుల ఆలోచన.

సెరటోనిన్ ఒక్కటే కాదు

'సెరటోనిన్ తగ్గితే కుంగుబాటు వస్తుంది' అన్న మాట బాగా ప్రచారంలో ఉంది. విషయం అంత సులువు కాదు. ఫ్లూయోక్సెటిన్ వంటి మందులు నాడీకణాల మధ్య సెరటోనిన్‌ను గంటల్లోనే పెంచుతాయి. మనసు తేలికపడటానికి మాత్రం వారాలు పడుతుంది. అంటే సెరటోనిన్ పెరగడం మొదటి మెట్టు మాత్రమే. దాని వెనుక బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. నాడీకణాలు కొత్త కొమ్మలు వేయడానికి, వాటి మధ్య అనుసంధానాలు బలపడటానికి ఇది ఎరువు లాంటిది. కుంగుబాటు ఉన్నవారి రక్తంలో ఇది తక్కువగా ఉండటం, చికిత్సతో పెరగడం అనేక పరిశోధనల్లో కనిపించింది. జ్ఞాపకాలు నిలవడానికి అవసరమైన గ్లూటమేట్ అనే రసాయనంపైనా ఇప్పుడు విస్తృతంగా అధ్యయనాలు జరుగుతున్నాయి.

మతిమరుపు అని వదిలేయొద్దు

వృద్ధుల్లో కుంగుబాటు కొన్నిసార్లు అచ్చం మతిమరుపులాగే కనిపిస్తుంది. 'పెద్దవయసు, మామూలే' అని ఇంట్లో సర్దుకుపోతారు. కుంగుబాటును గుర్తించి చికిత్స చేస్తే జ్ఞాపకశక్తి చాలావరకు మెరుగుపడే అవకాశం ఉంది. థైరాయిడ్ లోపం, విటమిన్ బీ12 లోపం కూడా ఇలాంటి లక్షణాలే చూపుతాయి కాబట్టి ముందు పరీక్షలు చేయించాలి. అల్జీమర్స్ మొదటి దశలోనూ కుంగుబాటు రావచ్చు. ఏది ఏమిటో డాక్టరే తేల్చాలి.

ఈ మార్పులు చాలావరకు సరిదిద్దదగినవే. మందులు, మాటలతో చేసే చికిత్స, వ్యాయామం మూడూ ఉపయోగపడతాయి. అమెరికాలో 120 మంది వృద్ధులపై జరిగిన అధ్యయనంలో, ఏడాదిపాటు క్రమంగా నడిచినవారి హిప్పోకాంపస్ పరిమాణం సుమారు 2 శాతం పెరిగిందని 2011లో వెల్లడైంది. సంఘటనలను వివరంగా గుర్తుచేసుకోవడం నేర్పే శిక్షణనూ శాస్త్రవేత్తలు పరీక్షిస్తున్నారు. కాస్త తేలికపడగానే మందులు సొంతంగా ఆపేయకూడదు.

కుంగిపోయిన మనిషితో 'నీకేం తక్కువ, అన్నీ బాగానే ఉన్నాయి కదా' అని వాదించడం వల్ల లాభం లేదు. అన్నీ బాగున్నాయని చెప్పే జ్ఞాపకాలే అతనికి అందడం లేదు. 'ఆ రోజు అమ్మ ఏ రైల్లో వచ్చింది, డబ్బాలో ఏం తెచ్చింది' అని మెల్లగా అడిగి, పక్కన కూర్చుని వినడం మేలు. రెండు వారాలకు మించి దిగులు వీడకపోతే మానసిక వైద్యులను కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు దేశంలో ఎక్కడి నుంచైనా, రోజులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం రెండు వారాలు ఆగకుండా వెంటనే సాయం తీసుకోవాలి.